గోనె సంచులపై యాంటీ డంపింగ్ సుంకం పొడిగింపు: మిల్లులు దరఖాస్తు పెట్టుకునే విధానం

బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జనపనార నూలు, పురికొస, హెస్సియన్ (పలుచని గోనె) గుడ్డ, గోనె సంచులపై కేంద్ర ప్రభుత్వం 2017 జనవరి 5న యాంటీ డంపింగ్ సుంకం విధించింది. తమ దేశంలో అమ్మే మామూలు ధర కన్నా తక్కువకు సరుకును ఇక్కడ గుమ్మరించడమే డంపింగ్; దానిని అడ్డుకోవడానికి వేసేది ఈ సుంకం. సరుకును బట్టి, తయారు చేసిన సంస్థను బట్టి అది టన్నుకు 6.30 డాలర్ల నుంచి 351.72 డాలర్ల వరకు ఉండేది. తరువాత సమీక్ష జరిపి, 2022 డిసెంబరు నెలాఖరులో దానిని మరో ఐదేళ్లు పొడిగించారు. అంటే 2027 డిసెంబరు నెలాఖరుకు మళ్లీ గడువు తీరుతుంది. సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య) ఒప్పందం వల్ల బంగ్లాదేశ్ సరుకుకు, ద్వైపాక్షిక ఒప్పందం వల్ల నేపాల్ సరుకుకు మామూలు దిగుమతి సుంకం పడదు కనుక, ధరల విషయంలో మన మిల్లులకు ఉన్న అడ్డుగోడ ఇదొక్కటే. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జనపనార సరుకును భూమార్గాన రానీయకుండా ముంబయి దగ్గరి నవా షెవా రేవుకు పరిమితం చేశారన్నది నిజమే గానీ, అది విదేశీ వాణిజ్య విధానం కింద తీసుకున్న వేరే నిర్ణయం. ఎప్పుడు సడలించినా అడిగే వీలుండదు.

ఉత్తరాంధ్ర జిల్లాల్లోనూ ఏలూరు ప్రాంతంలోనూ చిన్న మిల్లుల వారిని కలిసినప్పుడు రెండు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. సుంకం దానంతట అదే పునరుద్ధరణ అవుతుందన్నది మొదటిది. ఫలానా వారికి కొంత ముట్టజెబితే ఢిల్లీలో అనుకూలమైన రేటు రాయించుకు వస్తారన్నది రెండవది. రెండింటిలోనూ నిజం లేదు.

1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని 9ఎ సెక్షన్, 5వ ఉపసెక్షన్ ప్రకారం, యాంటీ డంపింగ్ సుంకం విధించిన నాటి నుంచి ఐదేళ్లకు రద్దయిపోతుంది. సుంకం తొలగిస్తే డంపింగూ, దానివల్ల దేశీయ పరిశ్రమకు నష్టమూ కొనసాగే అవకాశం గానీ, మళ్లీ తలెత్తే అవకాశం గానీ ఉన్నదని సమీక్షలో తేలితేనే కేంద్రం ఐదేళ్లకు మించకుండా మరికొంత కాలం పొడిగించగలదు. గడువుకు ముందే మొదలైన సమీక్ష గడువు లోపల ముగియకపోతే, అది తేలేదాకా ఒక ఏడాదికి మించకుండా పాత సుంకాన్ని కొనసాగించే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అయితే ఆ కొనసాగింపు కూడా ఆటోమేటిక్ కాదు. దానికి ఆర్థిక శాఖ విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి. పాత నోటిఫికేషన్ ఇంకా అమలులో ఉండగానే ఇవ్వాలి. ఒకసారి గడువు తీరిపోయాక పొడిగించడానికి మిగిలేదేమీ ఉండదని కుమ్హో పెట్రోకెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. కనుక 2027 దసరా తరువాత చూసుకుందాం లెమ్మనుకున్నవారు, ఎంత న్యాయం తమవైపు ఉన్నా, చేతులు కట్టుకుని కూర్చోవలసి రావచ్చు. గడువుకు కనీసం తొమ్మిది నెలల ముందు, అంటే 2027 మార్చి నాటికి, దరఖాస్తు సంపూర్ణంగా ఢిల్లీలోని వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్‌కు చేరాలన్న లెక్కతో పని మొదలుపెట్టడం క్షేమం.

దరఖాస్తు వెళ్లవలసింది కేంద్ర వాణిజ్య శాఖలోని వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్‌కు. అందరూ డీజీటీఆర్ అనే ఈ కార్యాలయం న్యూఢిల్లీలో పార్లమెంట్ స్ట్రీట్‌లోని జీవన్ తారా భవనంలో ఉంది. దరఖాస్తు నమూనాలు దాని వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. దరఖాస్తుకు రుసుము లేదు. చిన్న పరిశ్రమలకు సందేహాలు తీర్చడానికి సహాయ కేంద్రం కూడా ఉంది. ముందు అక్కడికి ఒక ఈమెయిల్ పంపి, ఆ తరువాతే ఎవరినైనా నియమించుకోవాలా వద్దా అన్నది ఆలోచించవచ్చు. కాస్ట్ అకౌంటెంటుకో, ఈ రంగంలో అనుభవమున్న న్యాయవాదికో ఫీజు ఇవ్వడం వేరు, "రేటు రాయించి తెస్తాను" అనేవారికి డబ్బివ్వడం వేరు. డంపింగ్ తేడా (అక్కడి మామూలు ధరకూ ఎగుమతి ధరకూ మధ్య అంతరం), నష్టపు తేడా (మన మిల్లులకు నష్టం లేని ధరకూ దిగుమతి సరుకు ధరకూ మధ్య అంతరం) అనే రెండింటినీ లెక్కగట్టి, వాటిలో తక్కువదానికి మించకుండా సుంకాన్ని సిఫారసు చేస్తారు. ఆ లెక్క పూర్తయ్యేదాకా అంకె ఎంతో అధికారులకే తెలియదు.

దేశీయ పరిశ్రమ తరఫున మిల్లులు నేరుగా గానీ, సంఘం ద్వారా గానీ దరఖాస్తు పెట్టవచ్చు. గత సమీక్షకు ఇండియన్ జూట్ మిల్స్ అసోసియేషన్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ మెస్తా ట్వైన్ మిల్స్ అసోసియేషన్ కూడా దరఖాస్తుదారుగా నిలిచింది. గోగునార (మెస్తా) మీద ఆధారపడిన మన మిల్లుల గొంతు అక్కడ వినిపించింది అలాగే. అయితే సంఘం సంతకం పెట్టినంత మాత్రాన సభ్య మిల్లు పని తీరిపోదు. లెక్కలు ఇవ్వవలసింది మిల్లే. మరొక మెలిక కూడా ఉంది: ఆ దేశాల నుంచి తానే ఆ సరుకు దిగుమతి చేసుకునే మిల్లును, లేదా అక్కడి ఎగుమతిదారుతోనో ఇక్కడి దిగుమతిదారుతోనో సంబంధమున్న మిల్లును, 1995 నాటి యాంటీ డంపింగ్ నియమాల్లోని 2(బి) నియమం కింద దేశీయ పరిశ్రమ లెక్కలోంచి తప్పించవచ్చు. అవసరానికి నాలుగు లారీల బంగ్లాదేశ్ నూలు తెప్పించుకున్న మిల్లు ఆ సంగతి దాచడం కన్నా, ఎంత తెచ్చుకున్నదో ఎందుకు తెచ్చుకున్నదో దరఖాస్తులోనే రాయడం మేలు. దిగుమతుల చిట్టా అంతా కస్టమ్స్ దగ్గర ఎలాగూ ఉంటుంది.

దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఉత్పత్తి వ్యయ పట్టికల దగ్గర. సాధారణంగా 12 నెలల విచారణ కాలానికీ (డంపింగ్ జరిగిందా అని లెక్కలు పరిశీలించే కాలం), దానికి ముందు మూడేళ్లకూ లెక్కలు అడుగుతారు. పైగా విచారణ మొదలైనట్టు ప్రకటించే నాటికి ఆ 12 నెలల కాలం ఆరు నెలల కన్నా పాతదై ఉండకూడదు. ముందుగా పెట్టాలి, కానీ లెక్కలు తాజాగా ఉండాలి. ఈ రెండింటి మధ్య నలిగిపోయి, పాత అంకెలతో దరఖాస్తు వేసి, వాటిని తాజాపరచండన్న లేఖ వచ్చేసరికి పాలుపోక ఆగిపోయేవారు ఉంటారు. అందువల్ల 2026లోనే నెలవారీ లెక్కలు విడదీసి రాసుకోవడం మొదలుపెట్టాలి.

విడదీయడమంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. నూలు, హెస్సియన్, సంచి అన్నీ ఒకే కప్పు కింద తయారయ్యే మిల్లులో కరెంటు బిల్లు ఒకటే, కూలీల హాజరు పట్టీ ఒకటే, ముడి నార గోడౌను ఒకటే. ఆడిట్ చేసిన వార్షిక లెక్కల్లో మిల్లు మొత్తానికి ఒకే అంకె కనిపిస్తుంది. డైరెక్టరేట్‌కు మాత్రం ఒక్కొక్క సరుకుకు విడివిడిగా ఎంత నార, ఎంత బ్యాచింగ్ ఆయిల్ (నారను మెత్తబరచే నూనె), ఎన్ని యూనిట్ల కరెంటు, ఎంత కూలి పడిందో కావాలి; ఆ విడి అంకెలన్నీ కలిపితే ఆడిట్ అంకెతో సరిపోవాలి. ఒక సరుకుకు తక్కువ, మరొక సరుకుకు ఎక్కువ అని ఊహగా పంచిన ఖర్చు అధికారుల తనిఖీలో నిలవదు. మిల్లులోనే నేసుకునే నూలును అమ్మే నూలుతో కలిపేయడం తరచుగా జరిగే పొరపాటు. సంచుల విషయంలో ప్రభుత్వానికి సరఫరా చేసినవీ, బయటి మార్కెట్లో అమ్మినవీ వేరువేరుగా చూపడం మరీ ముఖ్యం. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం వల్ల ధాన్యం సంచులకు ప్రభుత్వ గిరాకీ ఖాయంగా ఉన్నప్పుడు దిగుమతులతో మీకు నష్టమెక్కడిదని ఎదుటి పక్షం (అక్కడి ఎగుమతిదారులు, ఇక్కడి దిగుమతిదారులు) అడగకుండా ఉండదు. విడి లెక్క లేని మిల్లు దగ్గర దానికి జవాబు ఉండదు.

లాకౌటులో కొన్ని నెలలు గడిపిన మిల్లులు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. మగ్గాలు ఆగిన నెలల వల్ల టన్నుకు పడే ఖర్చు అమాంతం పెరుగుతుంది. అదంతా దిగుమతుల పుణ్యమేనని పట్టికలో చూపించాలనిపించడం సహజం. కానీ నష్టం లేని ధరను, అంటే దిగుమతుల దెబ్బ లేకపోతే మిల్లుకు గిట్టుబాటయ్యే ధరను, నిర్ణయించేటప్పుడు ముడిసరుకును, కరెంటును, ఉత్పాదక సామర్థ్యాన్ని ఈ నాలుగేళ్లలో మిల్లు ఎంత బాగా వాడుకోగలిగిందో ఆ స్థాయికి అంకెలను సవరిస్తారు. పెట్టిన మూలధనంపై 22 శాతం రాబడిని కలపడం వాడుక. కనుక ఉబ్బించిన ఖర్చు పనికిరాదు సరికదా, మిగతా పట్టికలపైన కూడా అనుమానం తెస్తుంది. మూతపడిన నెలలను తేదీలతో, కారణంతో విడిగా రాసి జతపరచడమే మంచిది. నిజాయతీగా రాసిన చిన్న మిల్లుకు ఈ దశలో భయపడవలసింది లేదు.

ప్రతి పత్రమూ రెండు ప్రతులుగా వెళ్లాలి: అన్ని అంకెలూ ఉన్న గోప్య ప్రతి ఒకటి, ఎదుటి పక్షం చదవగలిగే బహిరంగ ప్రతి ఇంకొకటి. బహిరంగ ప్రతిలో అంకెల చోట చుక్కలు పెట్టి వదిలేస్తే సరిపోదు. మొదటి ఏడాదిని 100గా తీసుకుని తరువాతి ఏళ్ల సూచీ అంకెలు ఇవ్వడం వాడుక. అదీ కుదరకపోతే ఎందుకు కుదరదో రాయాలి. సరైన సారాంశం లేని గోప్య సమాచారాన్ని పక్కన పెట్టే అధికారం 7వ నియమం కింద డైరెక్టరేట్‌కు ఉంది. గోప్య ప్రతిని ఎవరి చేతికి ఇస్తున్నారో కూడా చూసుకోవాలి. మీ ఖర్చు, మీ ధర, మీ కొనుగోలుదారుల పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి. దిగుమతిదారుల పనులు కూడా చూసిపెట్టే మధ్యవర్తికి ఆ కాగితాలు అప్పగించకూడదు. అధికార పత్రంపై ఎవరి పేరుందో వారికే, రశీదు తీసుకుని ఇవ్వాలి.

ఇక దరఖాస్తులో అసలు వాదన ఈరోజు నష్టం ఉందా లేదా అన్నదానిపై కాక, సుంకం ఎత్తేస్తే రేపు ఏమవుతుందన్నదానిపై నిలవాలి. సుంకం వల్ల మిల్లు కాస్త కుదురుకున్నదని అంకెలు చెప్పినా దరఖాస్తు ఓడిపోదు. అక్కడి మిల్లుల మిగులు సామర్థ్యం, వారు ఇతర దేశాలకు అమ్మే ధరలు, గతంలో సంచులపై సుంకం పడగానే సంచి గుడ్డ దిగుమతులు పెరిగిన వైనం, ఆ తప్పించుకునే దారిని మూయడానికి 2019లో బంగ్లాదేశ్ సంచి గుడ్డకు కూడా సుంకం విస్తరించవలసి రావడం వంటివి ఇక్కడ బలమైన ఆధారాలు. దిగుమతి లావాదేవీల వివరాలను కోల్‌కతాలోని డీజీసీఐఎస్ (విదేశీ వాణిజ్య గణాంకాలు సేకరించే కేంద్ర కార్యాలయం) నుంచి తీసుకోవాలి. 5307, 5310, 5607, 6305 కస్టమ్స్ టారిఫ్ శీర్షికల కింద చూడాలి. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఎగుమతులకిచ్చే నగదు ప్రోత్సాహకాలపై ఫిర్యాదు ఉంటే, దానికి 9వ సెక్షన్ కింద సబ్సిడీ వ్యతిరేక సుంకం కోసం విడి దరఖాస్తు పెట్టాలి గానీ ఈ సమీక్షలో దానిని కలపకూడదు. డంపింగ్ అయినా సబ్సిడీ అయినా, ఒకే పరిస్థితికి రెండు సుంకాలూ వేయడాన్ని 9బి సెక్షన్ అనుమతించదు.

దరఖాస్తు సక్రమంగా ఉంటే గెజెట్‌లో ప్రారంభ ప్రకటన వస్తుంది. ఆ తరువాత ప్రశ్నావళులు, మిల్లులో తనిఖీ, మౌఖిక విచారణ, ముఖ్యాంశాల వెల్లడి, తుది నిర్ణయం అనే వరుస ఒక ఏడాదిలో ముగియాలి. మౌఖిక విచారణలో చెప్పిన మాటను తరువాత లిఖితపూర్వకంగా దాఖలు చేయకపోతే లెక్కలోకి రాదు. వాడకందారులు, వినియోగదారుల సంఘాలు కూడా మాట్లాడవచ్చు కనుక, సంచి ధర పెరుగుతుందని కొనుగోలుదారులు చెప్పే వాదనకు సమాధానం ముందే సిద్ధం చేసుకోవాలి. తుది నిర్ణయం సిఫారసు మాత్రమే. మూడు నెలల లోపు నోటిఫికేషన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది. డైరెక్టరేట్ ఔనన్నా ఆర్థిక శాఖ కాదన్న సందర్భాలు ఇటీవలి సంవత్సరాల్లో చాలానే ఉన్నాయి. ఉత్తర్వుపై అభ్యంతరం ఉన్నవారు 9సి సెక్షన్ కింద 90 రోజుల్లోగా కస్టమ్స్, ఎక్సైజ్, సర్వీస్ ట్యాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడికి వెళ్లేవారికి విచారణ పొడవునా దాఖలు చేసిన ప్రతి కాగితం నకలూ, అది అందినట్టు రుజువూ అవసరమవుతాయి. వాటిని తొలిరోజు నుంచే ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టుకోవాలి.