దసరా నుంచి కార్తీకం దాకా ఇంట్లో సాలీళ్ల లెక్క

ఇంట్లో సాలీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియాలంటే బూజును కాదు, సాలీడునే లెక్కపెట్టండి. పాత గూళ్లు చాలావరకు ఖాళీవే. వారానికోసారి, రాత్రి 8 గంటలకు, అవే గదులు, అదే 10 నిమిషాలు. టార్చిని కంటి పక్కనే పట్టుకుంటే గోడమీది పెద్ద సాలీడు కళ్లు మెరుస్తాయి. అది వల అల్లదు. పొట్టకింద తెల్లటి బిళ్లలాంటి గుడ్ల సంచి మోస్తుంటే ఆడది, విడిగా రాసుకోండి. మూలల్లో ఉండే సన్నకాళ్ల సాలీడు గూటిని పుల్లతో తాకండి, బతికుంటే గిరగిరా ఊగిపోతుంది.

కోనసీమలో దీపావళి రోజుల్లో వరిచేల పచ్చదోమ (వరిని పీల్చే చిన్న పచ్చ పురుగు) లైట్లకు ముసురుతుంది, సాలీళ్లూ అక్కడికే చేరతాయి. వరండా ట్యూబ్‌లైటు లెక్క వేరుగా ఉంచకపోతే ఇల్లంతా పెరిగాయనుకుంటారు. పండక్కి బూజు దులిపిన తేదీ తప్పక రాయండి. లేదంటే ఆ వారం తగ్గుదలను చలిమీదికి నెట్టేస్తారు.