స్టీల్ గిటార్ పాతతరం వాద్యకారుల జ్ఞాపకాలు: ఎలా చదవాలి?

స్టీల్ గిటార్ వాయించినవాళ్ల ఆత్మకథలు ఏకబిగిన చదివి పక్కన పెట్టేస్తే సగం పుస్తకం చదవనట్టే. వాళ్లు రాసింది తమ జీవితం గురించే, కానీ ఆ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఉక్కు బార్‌ను ఎంత నెమ్మదిగా, ఎంత సూటిగా జార్చాలన్న సాధనలో, ఆ జారుడు కాగితం మీద కనిపించదు, రికార్డులోనే వినిపిస్తుంది. అందుకే చదవడం, వినడం రెండూ కలిపి చేయాలి. ఎలాగో చెప్తాను. గిటార్ వాయించడం రానక్కర్లేదు, ఇంగ్లిష్ చదవగలిగితే చాలు.

1. ముందు వాయిద్యం ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

హవాయిలో పుట్టిన ఈ గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి వాయిస్తారు. తీగలు ఎత్తుగా కట్టి ఉంటాయి, వాటిని వేళ్లతో మెట్ల మీదకి నొక్కరు. ఎడమచేతిలో ఉక్కు బార్ పట్టుకుని తీగల మీద ఆనించి జారుస్తారు, కుడిచేతి వేళ్లకు పిక్స్ తొడుక్కుని మీటుతారు. గోటువాద్యం కచేరీ ఎప్పుడైనా చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. స్వరాన్ని సరైన చోట పట్టి ఉంచే మెట్టు లేదు కాబట్టి శ్రుతి నిలబెట్టే బాధ్యతంతా చెవిదే. ఈ పుస్తకాల్లో పేజీలకు పేజీలు 'టోన్', 'టచ్' అంటూ ఉంటే అదేదో గొప్పలు చెప్పుకోవడం అనుకోకండి, వాళ్ల వృత్తి అంతా నిలబడింది దాని మీదే.

రెండో ముఖ్యమైన మాట ట్యూనింగ్, అంటే ఏ తీగను ఏ స్వరానికి బిగించాలన్నది. మామూలు గిటార్‌కు దాదాపు అందరూ ఒకే ట్యూనింగ్ వాడతారు, ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. అమెరికన్ స్టీల్ వాద్యకారుడు జెర్రీ బర్డ్ పేరుతో ముడిపడిపోయిన సి సిక్స్త్ ట్యూనింగ్‌నే తీసుకోండి. తీగలు కింది నుంచి పైకి సి, ఈ, జి, ఏ, మళ్లీ సి, ఈ. సి ని షడ్జమం అనుకుంటే స గ ప ద స గ, అంటే మోహన రాగంలోంచి రిషభం తీసేస్తే మిగిలే స్వరాలు. చిన్నప్పుడు కాస్త సంగీతం నేర్చుకున్నవాళ్లు ఆ నాలుగు స్వరాలు ఒకసారి పాడి చూసుకోండి. హవాయి పాటల్లో ఉండే ఆ తీపి ఎక్కడిదో చాలావరకు తెలిసిపోతుంది. పుస్తకంలో ట్యూనింగ్ పేరు వచ్చిన ప్రతిచోటా స్వరాలు ఇలా రాసుకుని ముందుకు వెళ్లండి.

మూడోది పెడల్. కాలితో నొక్కితే మోగుతున్న తీగ శ్రుతి మారుతుంది, పక్క తీగ మాత్రం అలాగే మోగుతూ ఉంటుంది. ప్రస్తుతానికి ఇంత చాలు.

2. మొదటి పుస్తకంగా డాన్ హెల్మ్స్‌ది తీసుకోండి

హెల్మ్స్ 1927లో అలబామాలో పుట్టారు, అమెరికన్ కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ బృందం డ్రిఫ్టింగ్ కౌబాయ్స్‌లో స్టీల్ వాయించారు. డేల్ వినికర్‌తో కలిసి ఆయన తెచ్చిన 'సెట్టిన్ ద వుడ్స్ ఆన్ ఫైర్' 2005లో వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే నయం, ఎందుకంటే హ్యాంక్ విలియమ్స్ పాటలు ఒకటో రెండో మీరు వినే ఉంటారు, కాబట్టి చదివేటప్పుడు పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

దాని తర్వాత జెర్రీ బర్డ్ రాసిన 'ఇట్ వజ్ ఎ ట్రిప్: ఆన్ వింగ్స్ ఆఫ్ మ్యూజిక్', 2003 నాటిది. ఒహాయో రాష్ట్రంలోని లైమాలో 1920లో పుట్టిన బర్డ్ కంట్రీ సంగీతంలో పేరు తెచ్చుకుని, 1972లో హవాయికి వెళ్లిపోయి, అక్కడ ఈ వాయిద్యం పట్టేవాళ్లు తగ్గిపోతున్న రోజుల్లో హవాయి కుర్రాళ్లకే దాన్ని నేర్పారు. ఈ ఒక్క విషయం కోసమైనా ఆ పుస్తకం చదవాలంటాను.

ఇవి మన ఊళ్లో పుస్తకాల షాపుల్లో దొరకడం కష్టం. లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ వరల్డ్‌క్యాట్‌లో వెతికితే ఏ లైబ్రరీలో ఉందో తెలుస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లయితే దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీలో ఇంటర్ లైబ్రరీ లోన్ (వేరే లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించి ఇవ్వడం) అడగండి. పాత పుస్తకాలు అమ్మే సైట్లు కూడా ఒకసారి చూడండి.

3. చదవడానికి ముందే పాటల జాబితా తయారుచేసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, దీన్ని మాత్రం వదలొద్దు.

హ్యాంక్ విలియమ్స్ పాటల్లో స్టీల్ అంటే హెల్మ్సే అని చాలామంది అనుకుంటారు. కానీ 1948 డిసెంబర్‌లో సిన్సినాటిలో రికార్డయిన 'లవ్‌సిక్ బ్లూస్'లో వాయించింది జెర్రీ బర్డ్. 1949 ఆగస్టులో అదే ఊళ్లో రికార్డు చేసిన 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై'లోనూ ఆయనే. హెల్మ్స్‌ను వినాలంటే 1950 డిసెంబర్‌లో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో చేసిన 'కోల్డ్, కోల్డ్ హార్ట్', 1952 సెప్టెంబర్‌లో చేసిన 'యువర్ చీటిన్ హార్ట్' పెట్టుకోండి. రెండోది హ్యాంక్ ఆఖరి రికార్డింగ్ సెషన్‌లో పాడిన పాట, 1953 జనవరి 1న ఆయన పోయారు.

ముందు 'లోన్‌సమ్' వినండి, వెంటనే 'కోల్డ్ హార్ట్' వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే పని చేయకుండా. బర్డ్ గుండ్రంగా, మెత్తగా, గొంతుకు చోటిచ్చి వాయిస్తారు. హెల్మ్స్ పై స్థాయిలో, పదునుగా, గొంతులోంచి వచ్చే ఏడుపును తీగ అందుకున్నట్టు వాయిస్తారు. పాడేది ఒకే మనిషి, రెండూ బాధ పాటలే, అయినా రెండు చేతులు రెండు రకాల మనుషుల్ని వినిపిస్తాయి. ఈ తేడా ఒకసారి చెవికి పట్టిందంటే ఆ తర్వాత పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఎవరు మాట్లాడుతున్నారో మీకు తెలుస్తూనే ఉంటుంది. మొదటి నాలుగైదుసార్లు తేడా తెలియకపోతే టెన్షన్ పడొద్దు, పాటను వదిలేసి స్టీల్ వచ్చే చోట్లు మాత్రమే వెనక్కి తిప్పి వినండి.

4. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి

ఒక గడిలో సంవత్సరం, ఇంకోదాంట్లో వాద్యకారుడు చెప్పింది, మూడోదాంట్లో రికార్డు చెప్పేది. ఇదెందుకంటే ఈ రెండు పుస్తకాలూ అసలు సంఘటనలు జరిగిన యాభై ఏళ్లకు వచ్చాయి, అప్పటికి బర్డ్‌కు ఎనభై దాటింది, హెల్మ్స్‌కు ఎనభై దగ్గర పడింది. అంతకాలం తర్వాత తేదీలు అటూ ఇటూ అయినా తప్పు పట్టాల్సిన పని లేదు, కానీ మనం సరిచూసుకోవాలి. హ్యాంక్ విలియమ్స్ సెషన్ల తేదీలు తేలిగ్గానే దొరుకుతాయి. అంతకుముందు కాలపు హవాయి రికార్డులకైతే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వాళ్లు నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల డిస్కోగ్రఫీలో (రికార్డుల వివరాల జాబితాలో) వెతకండి.

ఒక మాట. తేదీల్లో జ్ఞాపకాన్ని నమ్మకపోయినా చేతి విషయంలో నమ్మండి. ఏ తీగ మీద వాయించాను, బార్‌ను ఎలా పట్టుకున్నాను, మైక్ ముందు ఎలా కూర్చున్నాను అన్నవి రోజూ చేసిన పనులు. వాటిని అంత తేలిగ్గా మరిచిపోరు.

5. 'మొదట నేనే' అన్నచోట ఆగండి

స్టీల్ గిటార్ ఎవరు కనిపెట్టారన్న దానికి ఎక్కువమంది చెప్పే పేరు జోసెఫ్ కెకుకు. 1874లో ఓవాహు దీవిలోని లాయియె ఊళ్లో పుట్టి, కమెహమెహా స్కూల్లో చదువుకునే రోజుల్లో ఈ పద్ధతి పట్టుకున్నారంటారు. రైలు పట్టాల దగ్గర దొరికిన బోల్ట్ అని ఒక కథ, దువ్వెన అని ఇంకోటి, చాకు అని మరోటి. జేమ్స్ హోవా పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. గాబ్రియెల్ డేవియన్ అనే ఆయన, భారతదేశంలో పుట్టి ఓడల మీద హవాయి చేరాడని చెప్తారు, అంతకంటే ముందే గిటార్ తీగల మీద ఇలా జార్చి వాయించాడన్న కథనం కూడా ఉంది. ఇలాంటి చోట న్యాయమూర్తిలా తీర్పు ఇవ్వబోకండి. ఆ మాట ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు, చెప్పినవాళ్లకు ఆ మనిషితో ఏ బంధుత్వం, ఈ మూడూ రాసుకోండి.

పెడల్ విషయంలోనూ అంతే. పెడల్ ఉన్న వాయిద్యాలు ముందే ఉన్నాయి, కానీ కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ నొక్కి స్వరం వంచారు. పాట 1953 చివర్లో రికార్డయి 1954లో పెద్ద హిట్ అయింది, దాంతో నాష్‌విల్‌లో స్టీల్ వాయించేవాళ్లలో చాలామంది పెడల్ వైపు తిరిగారు. బర్డ్ తిరగలేదు. ఆయన పుస్తకం చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. తను ప్రాణంగా చూసుకున్న పద్ధతిని చుట్టూ ఉన్నవాళ్లు వదిలేస్తుంటే చూసిన మనిషి ఆయన.

6. రాయనివాళ్ల కోసం కూడా వెతకండి

కెకుకు ఆత్మకథ రాయలేదు. 1904లో హవాయి వదిలి అమెరికా, యూరప్ అంతా తిరిగి 1932లో న్యూజెర్సీలో పోయారు. షికాగోలో గ్రాండ్ లెటార్ అనే 26 తీగల స్టీల్ గిటార్ తయారుచేయించుకుని వాయించిన లెట్రీషియా కాండిల్ పేరు వాద్యకారుల జ్ఞాపకాల్లో వెతుక్కోవాల్సిందే. మనకు చదవడానికి దొరికే ఆత్మకథల్లో ఎక్కువ కంట్రీ సంగీతంలో పనిచేసిన తెల్లజాతి మగవాళ్లవే. అందుకని పక్కన జాన్ ట్రౌట్‌మన్ రాసిన హవాయి స్టీల్ గిటార్ చరిత్ర 'కీకా కిలా' పెట్టుకోండి, 2016లో వచ్చింది. 1893లో హవాయి రాజ్యాన్ని కూలదోసిన తర్వాత అక్కడి సంగీతకారులు దేశాలు పట్టి ఎలా వెళ్లారు, 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ఎక్స్‌పొజిషన్ (ప్రదర్శన) తర్వాత అమెరికా ఈ వాయిద్యం కోసం ఎలా ఎగబడింది, ఇవి తెలియకుండా లైమాలో పుట్టిన కుర్రాడి చేతికి హవాయి గిటార్ ఎలా వచ్చిందో అర్థం కాదు.

7. అక్కడి నుంచి కలకత్తా దారి పట్టండి

సమోవాలో పుట్టి, కెకుకు ఊరు లాయియెలోనే పెరిగిన టౌ మో తన భార్య రోజ్‌తో కలిసి దశాబ్దాల పాటు దేశాలన్నీ తిరిగి కచేరీలు చేశారు. 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నారు. ఆ నగరంలో హవాయియన్ గిటార్ ఇళ్లల్లోకి వెళ్లింది. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా అదే వాయిద్యం మీద హిందుస్తానీ రాగాలు వాయించి, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి రికార్డు చేశారు. ఆయన శిష్యుడు దేబాశిష్ భట్టాచార్య ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఇక్కడ చదవడానికి తక్కువ, వినడానికి ఎక్కువ. టౌ మో దంపతులు ముసలితనంలో అమెరికన్ గిటార్ వాద్యకారుడు బాబ్ బ్రాజ్‌మన్‌తో కలిసి తమ పాత పాటలు మళ్లీ రికార్డు చేశారు, 1989లో వచ్చింది. ముందు అది వినండి, వెంటనే కాబ్రా ఆలాపన ఏదైనా ఒకటి వినండి, బార్ జారే చోట నోట్‌బుక్‌లో నిమిషం, సెకను రాసుకోండి.