ఐసీయూలో మనవాళ్ల పక్కన, 3వ పాఠం: "నేనెవరో చెప్పు" అని అడగొద్దు

పోయిన పాఠంలో డెలీరియంని ఎలా గుర్తుపట్టాలో చూశాం. ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవాళ్ల కోసం రెండు ముక్కల్లో మళ్లీ చెప్తాను. వెంటిలేటర్ కోసం ఇచ్చిన మత్తుమందులు తగ్గించాక మనిషి కళ్లు తెరుస్తాడు గానీ మెదడు ఇంకా సర్దుకోదు. గంటకో రకంగా ఉంటాడు. పొద్దున మిమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాడే సాయంత్రానికి పోలీసు అనుకుంటాడు. మన ఊళ్లలో పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అనేది దాదాపు దీన్నే. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, సోడియం, షుగర్ తేడాలు, మిడజోలమ్ లాంటి మత్తుమందులు, రోజుల తరబడి సరైన నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిసి మెదడు మీద పడ్డ దెబ్బ. మా ఇంట్లోనే ఎందుకొచ్చింది అని కుమిలిపోకండి. 2013లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో, శ్వాస ఆడకో, షాక్‌లోకి (బీపీ ప్రమాదకరంగా పడిపోవడం) వెళ్లో ఐసీయూలో చేరిన 821 మందిలో 74 శాతం మందికి ఇది వచ్చింది.

ఇవాళ్టి పాఠం మాటల గురించి. విజిటింగ్ టైంలో మీ చేతికి దొరికే ఆ పది పదిహేను నిమిషాల్లో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు.

మొదట మానుకోవాల్సిన ప్రశ్న

మన హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఐసీయూ బయట కుర్చీల్లో గంటల తరబడి కూర్చుని, పేరు పిలవగానే గౌను, మాస్కు వేసుకుని, చేతులకి శానిటైజర్ రాసుకుని లోపలికి పరిగెత్తుతాం కదా. బెడ్ దగ్గరికి వెళ్లగానే నూటికి తొంభై మంది నోట్లోంచి వచ్చే మొదటి మాట: "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు?" మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు నేనూ అదే అడిగాను. మా అమ్మా అదే అడిగింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన మా మేనత్త మూడుసార్లు అడిగింది.

ఆ ప్రశ్న ప్రేమతోనే వస్తుంది. కానీ మంచం మీదున్న మనిషి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఎక్కడున్నాడో తెలియదు, ఒంటికి వైర్లు, ముక్కులో గొట్టం, చుట్టూ బీప్ శబ్దాలు, మాస్కుల్లో మొహాలు. అందులో ఒక మొహం దగ్గరికి వచ్చి పరీక్ష పెడుతోంది. జవాబు తప్పితే ఆ మొహం ఏడుస్తుంది. అతని భయం రెట్టింపవుతుంది, అంతే.

అడగడానికి బదులు చెప్పండి. పేరు, వరస, చోటు, రోజు, ఏం జరిగింది, ఇప్పుడు ఏంటి. ఇలా: "నాన్నా, నేను చిన్నోణ్ణి. నువ్వు హైదరాబాద్‌లో ఆస్పత్రిలో ఉన్నావు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది, తగ్గుతోంది. ఇవాళ గురువారం, పొద్దున పదకొండు అయింది. అమ్మ బయట ఉంది, సాయంత్రం వస్తుంది." చిన్న చిన్న వాక్యాలు, ఒక్కో వాక్యానికి మధ్య కాస్త గ్యాప్. వీలైతే అతని కళ్ల ఎత్తుకి మీ మొహం దించండి. మాస్కు కాసేపు దించొచ్చా అని సిస్టర్‌ని అడగండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. మీ గొంతు అతనికి ముప్పై నలభై ఏళ్లుగా తెలుసు, మొహం సగమే కనిపించినా గొంతు అందుతుంది. ఐదు నిమిషాల తర్వాత అదే మళ్లీ చెప్పాల్సి వస్తుంది. విసుగు లేకుండా మొదటిసారి చెప్పినట్టే చెప్పండి, "ఇందాకే చెప్పాను కదా" అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి.

బస్సు ఆపుండ్రి

ఇప్పుడు కష్టమైన భాగం. లేనివి ఉన్నాయని అంటున్నప్పుడు ఏం చెయ్యాలి?

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యాడు. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి, గొట్టం తీసిన రెండో రోజు నుంచి ఒకటే మాట: "బస్సు ఆపుండ్రి, నేను దిగాలె." మానిటర్ బీప్ మంటే కండక్టర్ బెల్లు అనుకునేవాడు. చౌటుప్పల్ దాటినమా అని అడిగేవాడు. మా అక్క మొదటి రోజు "ఇది బస్సు కాదు నాన్నా, ఆస్పత్రి, చూడు, మంచం చూడు" అని గట్టిగా వాదించింది. ఆయన కోపంతో చెయ్యి లాక్కుని, సెలైన్ పెట్టిన చోట రక్తం వచ్చింది. మర్నాడు నేను ఇంకోలా చేశాను: "బస్సు ఆగింది నాన్నా, వేరే డ్రైవర్ ఎక్కాడు, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నాను. శాంతించాడు. నేను గెలిచాననుకున్నాను. సాయంత్రం వెళ్లేసరికి ఆ వేరే డ్రైవర్ ఎవడు, టికెట్ డబ్బులు ఎవరికి అప్పజెప్పాడు అని ఒకటే ఆందోళన. అబద్ధంతో కథని నేనే పెద్దది చేశాను, ఇప్పుడు ఆ కథలో ఆయన ఇంకా లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ ఉండేది. ఆమె మాకు చెప్పింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు: వాదించకండి, వంత పాడకండి, ఆ మాట వెనకాల ఒంట్లో ఏం ఇబ్బంది ఉందో చూడండి. "దిగాలె అంటున్నాడు కదా, ఎందుకు దిగాలంటాడు మనిషి బస్సు?" అని అడిగింది. చార్ట్ తీసి చూస్తే నాలుగు రోజులుగా మోషన్ కాలేదు. ఫెంటనిల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం చేస్తాయి, పైగా యూరిన్ గొట్టం ఒరుసుకుంటోంది. డాక్టర్ అది సరిచేయించాక బస్సు పూర్తిగా ఆగిపోలేదు గానీ, దిగాలె అనడం చాలా తగ్గింది.

అందుకే ఈ పాఠంలో మీరు ప్రాక్టీస్ చెయ్యాల్సిన అసలు విద్య ఇదే, మిగతావన్నీ మర్చిపోయినా దీన్ని పట్టుకోండి. మాట వినగానే దాని నిజానిజాలు పక్కన పెట్టి, అందులో ఏ బాధ ఉందో వెతకాలి. "నన్ను కట్టేశారు, చంపుతారు" అంటే నిజంగానే చేతులకి మిట్టెన్లు (గొట్టాలు పీక్కోకుండా వేసే మందపాటి తొడుగులు) తొడిగి ఉండొచ్చు, గట్టిగా పట్టుకుని సూది గుచ్చి ఉండొచ్చు. "నీళ్లలో మునిగిపోతున్నా" అంటే ఊపిరి ఆడట్లేదేమో, వెంటనే సిస్టర్‌ని పిలవాలి. "చీమలు పాకుతున్నాయి" అంటే ప్లాస్టర్ దురదేమో. ముందు ఆ బాధకి జవాబు చెప్పండి: "భయంగా ఉందా నాన్నా? ఉంటుంది. ఇక్కడ నీకు ఎవరూ హాని చెయ్యరు. నేను పక్కనే ఉన్నాను." తర్వాత ఒక్కసారి, ఒక్కసారే, మెల్లగా నిజం చెప్పండి: "నాకు బస్సు కనిపించట్లేదు నాన్నా, ఇది ఆస్పత్రి." నమ్మకపోతే తర్కం పెంచకుండా వేరే మాటలోకి వెళ్లండి, చెయ్యి నిమరండి, మనవరాలి గురించి చెప్పండి. అంతలో సిస్టర్‌ని "నొప్పి స్కోర్ చూశారా, యూరిన్, మోషన్ ఎలా ఉన్నాయి, ఆక్సిజన్ ఎంతుంది" అని అడగండి. వాళ్లకి తెలియదని అడగడం కాదు, రోజూ చూసే మనిషి ముఖంలో తేడా మనకి ముందు కనిపిస్తుంది కాబట్టి అడగాలి.

మాట్లాడనివాళ్ల సంగతి

కేకలు పెట్టేవాళ్లని అందరూ గమనిస్తారు. గోడ వైపు చూస్తూ, పిలిస్తే ఆలస్యంగా పలికి, మళ్లీ కళ్లు మూసుకునేవాళ్లని మాత్రం "పాపం ప్రశాంతంగా ఉన్నాడు" అని వదిలేస్తాం. ఇది కూడా డెలీరియమే, నిజానికి ఈ రకమే ఎక్కువ, ఎక్కువసార్లు కంటపడకుండా పోయేదీ ఇదే. వాళ్లతో కూడా అదే పద్ధతి: పేరు పెట్టి పిలవండి, చోటు చెప్పండి, ఇంటి కబురు చెప్పండి. జవాబు రాకపోయినా మాట ఆపకండి. నిన్నటికన్నా మందకొడిగా ఉన్నాడనిపిస్తే, అది అలసట అనుకోకుండా డ్యూటీ డాక్టర్‌తో ఆ మాటే చెప్పండి: "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది."

గొంతులో గొట్టం ఇంకా ఉంటే మాట రాదు, కాబట్టి అవును కాదు అని తలూపితే సరిపోయే ప్రశ్నలే, ఒక్కోసారికి ఒక్కటే. "నొప్పిగా ఉందా?" అడిగి ఆగండి. "నొప్పా, దాహమా, చలా?" అని మూడూ ఒకేసారి గుమ్మరిస్తే ఏదానికి తలూపాలో అతనికి తెలియదు.

మాటలకి ముందు కళ్లూ చెవులూ

ఇది చిన్న సంగతి, దీన్నే అందరం మర్చిపోతాం. అడ్మిషన్ రోజు కళ్లజోడు, వినికిడి మిషన్, పళ్ల సెట్టు కవర్లో కట్టి మనకి ఇచ్చేస్తారు, అవి ఇంట్లో బీరువాలోకి పోతాయి. కళ్లజోడు లేని మనిషికి ఐసీయూ అంటే మసక మసక నీడలు, భ్రమలు రాక ఏం చేస్తాయి? రేపే తీసుకెళ్లండి. మిషన్‌కి కొత్త బ్యాటరీ వేయించండి, పళ్ల సెట్టు మాత్రం డాక్టర్ సరే అంటేనే. గోడ గడియారం కనిపించేలా మంచం తిప్పొచ్చేమో అడగండి. మాకైతే ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ ఆ నెల కాగితం చింపి తెచ్చి అతికించుకోనిచ్చారు, మా నాన్నకి అది ఏ ఫొటో కన్నా ఎక్కువ పనిచేసింది, రోజూ దాన్నే చూసేవాడు. పగలు లైట్లు వేసి ఉంచడం, రాత్రి తగ్గించడం కుదురుతుందేమో అడగండి, నిద్ర తిరిగి దారిలో పడటం మందుతో సమానం. మాత్ర ఉంటే బాగుండు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ 2018లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో హాలోపెరిడాల్ అనే, ఆవేశం, భ్రమలు తగ్గించడానికి వాడే మందు ఇచ్చినవాళ్లకీ ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లకీ డెలీరియం తగ్గడంలో తేడా కనిపించలేదు. మరీ ఆవేశంలో గొట్టాలు పీకేసుకుంటుంటే డాక్టర్లు ఇస్తారు, అది వాళ్ల నిర్ణయం. మిగతా పనంతా నిద్ర, కదలిక, అసలు జబ్బుకి వైద్యం, తెలిసిన గొంతు చేసేదే.

చేతులకి కట్టు ఉంటే మీరే విప్పకండి, ఎంత జాలేసినా సరే. ఒక్క క్షణంలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) లాగేసుకుంటారు. "నేను చెయ్యి పట్టుకుని కూర్చుంటాను, ఈ పది నిమిషాలు వదులు చేస్తారా?" అని అడగండి, చాలాసార్లు చేస్తారు.

బంధువుల విషయం

ఇది కాస్త గట్టిగా చెప్పాలి. ఊరి నుంచి ఏడెనిమిది మంది వస్తారు, చూసిపోదామని. ఆ పదిహేను నిమిషాల్లో పాస్ మార్చుకుంటూ ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు లోపలికెళ్లి, ఏడ్చి, "నేనెవరో చెప్పు" అని అడిగి బయటికొస్తారు. ఆయనకి అది ఏడుగురు కొత్త మొహాల దాడి. మేం నాలుగో రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: పొద్దున అక్క, సాయంత్రం నేను లేదా అమ్మ, మిగతావాళ్లకి బయటే టీ ఇప్పించి కబురు చెప్పడం. ఒకరిద్దరు అలిగారు. అలగనివ్వండి, తర్వాత సర్దుకుంటుంది.

తాయెత్తు కడతామనే పెద్దవాళ్లతో గొడవ పడకండి, మణికట్టు దగ్గర లైన్లు ఉంటాయి కాబట్టి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టమనండి.

ఇంకో మాట, ఇంట్లో సిగ్గుపడి దాచేది. మనిషికి రోజూ మందు, కల్లు, నిద్రమాత్ర అలవాటుంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలమ్ లాంటి మత్తుమందులు కలుపుతారు, అది హఠాత్తుగా ఆగిపోతే వణుకు, భ్రమలు, ఫిట్స్ కూడా వస్తాయి. దానికి వైద్యం వేరు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు అమ్మ ముందు చెప్పడం ఇబ్బంది అనిపిస్తే పక్కకి తీసుకెళ్లి చెప్పండి.

ఈ వారం చెయ్యాల్సింది

ఇంట్లోనే రిహార్సల్ చెయ్యండి. ఒకరు మంచం మీద పడుకుని కళ్లు సగం మూసుకోండి, ఇంకొకరు పైన చెప్పిన ఆరు సంగతులూ, పేరు నుంచి ఇప్పుడు ఏంటి దాకా, ఒక్క ప్రశ్న కూడా లేకుండా చెప్పండి. రెండు మూడు సార్లు చేస్తే తెలుస్తుంది, ప్రశ్న లేకుండా మాట్లాడటం మనకి ఎంత కష్టమో. తర్వాత పడుకున్నవాళ్లు ఏదో ఒక అసంబద్ధమైన మాట అనాలి, "గేదెలు వచ్చినయ్" లాంటిది, నిలబడ్డవాళ్లు వాదించకుండా, ఒప్పుకోకుండా, దాని వెనక బాధ ఏమై ఉంటుందో మూడు ఊహలు చెప్పాలి.

దానితోపాటు వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ప్రతి విజిట్ తర్వాత తారీఖు, టైం వేసి నాలుగు లైన్లు రాయండి: ఏమన్నాడు, ఎలా ఉన్నాడు, డాక్టర్ ఏం చెప్పాడు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది. రాసేటప్పుడు మీ నాన్నకి చెప్తున్నట్టు రాయండి, "ఇవాళ నీ గొట్టం తీశారు" అని. వచ్చే పాఠంలో వార్డుకి మార్చాక మొదటి రాత్రి ఎలా గడపాలో చూద్దాం, అప్పటికి ఆ పుస్తకంలో ఐదారు పేజీలు ఉండాలి, మనకి దానితో పని ఉంది.