పాత ఇల్లు తీసేసి అపార్ట్‌మెంట్ కట్టాలంటే హైదరాబాద్‌లో పర్మిషన్‌కి ఎలా అప్లై చేయాలి

ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టడం పెద్ద పనేం కాదండీ, అసలు తలనొప్పంతా దానికి ముందే. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టండి, వారసులంతా కూర్చుని పార్టిషన్ డీడో (పంపకాల పత్రం) రిలీజ్ డీడో (వాటా వదులుకునే పత్రం) రిజిస్టర్ చేయించుకోండి, ఆ తర్వాత ప్రాపర్టీ ట్యాక్స్‌లో పేరు మార్పించుకోండి. అమెరికాలో ఉన్న తమ్ముడి సంతకం కావాలంటే తను అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపాలి, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టాలి, చాలామంది ఇది మర్చిపోతారు. బిల్డర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం మీది, కట్టేది తను, ఫ్లాట్లు వాటాలుగా పంచుకునే ఒప్పందం) కూడా రిజిస్టర్డే ఉండాలి, నోటరీ కాగితంతో సరిపెడతానంటే ఒప్పుకోకండి.

ఇక అప్లికేషన్. పర్మిషన్లకి ప్రభుత్వ వెబ్‌సైట్ ఇదివరకు టీఎస్ బీపాస్ ఉండేది, ఇప్పుడు బిల్డ్‌నౌ. లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్‌తో డ్రాయింగ్ వేయించి, సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల నాటి పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)తో కలిపి అప్‌లోడ్ చేయాలి. టీఎస్ బీపాస్ 2020 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల్లోపు స్థలం, 10 మీటర్లలోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో (వివరాలన్నీ నిజమేనని మీరే ఇచ్చే హామీతో) వెంటనే వచ్చేస్తుంది. కానీ స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తులు వేస్తే ఎత్తు 10 మీటర్లు దాటుతుంది కాబట్టి అన్ని శాఖల అనుమతులూ ఒకేచోట చూసే సింగిల్ విండోకి వెళ్తుంది, గడువు 21 రోజులు, అదీ కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే.

పచ్చదనం సంగతి ప్లాన్ గీసేటప్పుడే తేల్చుకోండి, తర్వాత కుండీలు పెడదాంలే అంటే కుదరదు. 300 చదరపు మీటర్లు దాటిన స్థలంలో సరిహద్దు వెంట మీటరు వెడల్పు గ్రీన్ స్ట్రిప్ వదలాలి, 750 దాటితే దానికి తోడు స్థలంలో 5 శాతం టాట్ లాట్ (పిల్లలు ఆడుకునే పచ్చని ఖాళీ జాగా) కింద ఇవ్వాలి. పెరట్లో పాత చెట్టుంటే ఇష్టమొచ్చినట్టు నరకడానికి లేదు, వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ కావాలి. చెట్టు ఓ మూలకి ఉంటే మాత్రం కార్ల ర్యాంప్‌ని రెండో వైపుకి జరపమని ఆర్కిటెక్ట్‌ని అడగండి, నా లెక్కలో నరికే పర్మిషన్ కోసం తిరగడం కంటే అదే సుఖం.

ఫీజు కట్టాక బిల్టప్ ఏరియాలో 10 శాతం కార్పొరేషన్‌కి మార్ట్‌గేజ్ (తనఖా) చేయాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, ప్లాన్ ప్రకారం కట్టారని ఇచ్చే పత్రం) వచ్చాకే విడిపిస్తారు. అది ఎవరి వాటాలోంచి పెడతారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి, చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ రాకుండా ఒక్క ఫ్లాట్ కూడా అమ్మకానికి పెట్టకూడదు.

కట్టడం అయ్యాక ఇంకుడు గుంత, సెట్‌బ్యాక్‌లు (బిల్డింగ్ చుట్టూ వదిలిన ఖాళీ), మొక్కలు అన్నీ ప్లాన్‌లో చూపించినట్టే ఉంటే ఓసీకి పెట్టుకోండి. ఓసీ చేతికొచ్చాక ఆ గ్రీన్ స్ట్రిప్ మీద టైల్స్ వేసి కార్లు పెట్టుకుంటే మళ్లీ సరిచేసేదాకా ఏటా 10 శాతం అదనపు ప్రాపర్టీ ట్యాక్స్ వేసే రూల్ కూడా ఉంది.