మామిడి సీజన్‌లో లారీల హాల్టు: గొడవ ముదరకుండా జాగ్రత్తలు, ఆత్మరక్షణకు హద్దులు

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు మామిడి లోడ్లు వరుస కడితే విజయవాడ హైవే మీద బంకులు, ధాబాలు కిక్కిరిసిపోతాయి. పగటిపూట సిటీలోకి పెద్ద బండ్లను వదలరు కాబట్టి మిగతా సరుకుల లారీలూ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలే కాచుకుంటాయి. ఎండ, నిద్రలేమి, కాయ మెత్తబడుతుందన్న కంగారు. ఆ స్థితిలో ఒకడు దారికి అడ్డంగా బండి పెట్టి పడుకుంటే, మాటామాటా పెరిగి చేతులు లేవడానికి ఎంతోసేపు పట్టదు.

సగం గొడవలు బండి పెట్టే దగ్గరే ఆపొచ్చు. వీలైతే చీకటి పడకముందే చేరుకోండి. బండి ముఖం బయటి దారి వైపు ఉండాలి, లైటు, సీసీ కెమెరా రెండూ పడే చోటు చూసుకోవాలి. పక్క బండివాడు ఎన్నింటికి బయల్దేరతాడో ముందే అడిగి, తెల్లవారుజామున వెళ్లేది మీరైతే లోపలి వరుసలోకి దూరకండి. మీ ఫోన్ నంబరు, బయల్దేరే టైము అట్టముక్క మీద పెద్దగా రాసి అద్దం వెనక పెట్టండి. అలా చేస్తే అర్ధరాత్రి మీ తలుపు బాదాల్సిన అవసరం ఎవరికీ రాదు.

ఈమధ్య కొత్త తగాదా ఒకటి మొదలైంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద సరుకు లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండివాళ్లు అద్దాలు దించుకుని, లేదంటే బండి పక్కనే చాప పరుచుకుని పడుకుంటారు. పక్కన కొత్త బండివాడు ఏసీ కోసం ఇంజిన్ రాత్రంతా ఆన్‌లో ఉంచితే వేడి, పొగ నేరుగా వాళ్ల ముఖం మీదికే. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఇంజిన్ ఆపడం కుదరకపోతే సైలెన్సర్ ఖాళీ స్థలం వైపు వచ్చేలా బండి తిప్పుకోండి. బండి కింద మాత్రం ఎవరూ పడుకోవద్దు. వరుసలో ముందు బండి కదిలితే వెనకవాడు నిద్రమత్తులోనే, కింద చూడకుండా స్టార్ట్ చేస్తాడు.

బండి తీయమని అడగడానికి వెళ్లే ముందు చేతిలో ఏముందో చూసుకోండి. టైర్లు కొట్టి చూసిన రాడ్డు అలాగే పట్టుకుని వెళ్తే, మీ మనసులో ఏమీ లేకపోయినా అవతలివాడికి అది దాడిలాగే కనిపిస్తుంది. రేపు కెమెరాలోనూ అలాగే కనిపిస్తుంది. రాడ్డు, వీల్ స్పానర్ క్యాబిన్‌లో పెట్టి, బంకు మనిషినో క్లీనర్‌నో వెంటబెట్టుకుని వెళ్లండి. ఫుట్‌స్టెప్ ఎక్కొద్దు, డోర్ హ్యాండిల్ లాగొద్దు. డోర్ విసురుగా తెరిస్తే తగలనంత దూరంలో, అతనికి కనిపించేలా నిలబడి పిలవండి. రెండు బండ్ల మధ్య సందులో అసలే నిలబడొద్దు. “అన్నా, జర బండి ముందుకు తీస్తవా? నాలుగింటికి మార్కెట్ల దింపాలె” అంటే చాలామంది తీస్తారు. ఉత్తరాది డ్రైవరైతే “భయ్యా, గాడీ థోడా ఆగే లే లో”. తాగి ఉంటే, బూతులకు దిగితే వెనక్కి వచ్చేసి, క్యాబిన్ లాక్ చేసుకుని, 112కు ఫోన్ చేయండి. హైవే సాయానికి 1033 ఉంది.

ఇక చట్టం. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి, హద్దులూ పెడతాయి. ప్రమాదం అప్పుడే ముంచుకొస్తుందన్న సహేతుకమైన భయం ఉండాలి. తప్పించుకోవడానికి అవసరమైనంత బలమే వాడాలి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. తల్లిని తిట్టాడనో, అద్దం పగలగొట్టి వెళ్లాక వెంటపడో కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. అతను పడిపోయినా, వెనుదిరిగి పరిగెత్తినా మీ ప్రాణభయం తీరినట్టే, ఆ తర్వాత వేసే ప్రతి దెబ్బా మీ నేరమే.

ఉత్త చేతుల దెబ్బకూ రాడ్డు దెబ్బకూ చాలా తేడా. మామూలు దెబ్బకు అదే సంహితలోని సెక్షన్ 115 కింద ఏడాది వరకు జైలు, ఆయుధంతో అయితే 118 కింద మూడేళ్ల వరకు. ఎముకగానీ పన్నుగానీ విరిగితే తీవ్రగాయమే, ఆయుధంతో చేస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం. అన్నిటికంటే ప్రమాదకరం బెదిరించడానికి బండిని మనిషి మీదికి కదపడం. బ్రేకు వేస్తాలే అనుకుంటాం. లోడుతో ఉన్న బండి మన లెక్క ప్రకారం ఆగదు, హత్యాయత్నం కేసు దాకా పోతుంది. పెప్పర్ స్ప్రే ఉన్నా క్యాబిన్ లోపల కొట్టొద్దు, ముందు మీకే కళ్లు మండుతాయి.

దెబ్బలు తగిలితే, చిన్నవైనా సరే, అదే రాత్రి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కొట్లాటలో తగిలాయని చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రికార్డు) రాయించుకోండి. అవతలి బండి నంబరు, గాయాలు, బండ్లు ఆగి ఉన్న తీరు ఫొటోలు తీయండి. సీసీ ఫుటేజీ మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది కాబట్టి టైముతో సహా రాసిచ్చి, భద్రపరచమని బంకు మేనేజర్‌ను అప్పుడే అడగండి. లోడు దింపాలని బయల్దేరక తప్పకపోతే దారిలోని ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు, తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేస్తే దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫొటో తీసి ఓనర్‌కు పంపండి, డెలివరీ ఆలస్యానికి కిరాయిలో కోత పెడతామంటే చూపించడానికి ఉంటుంది.