హ్యూ జిట్టర్ 100 పెట్టినా బ్రష్ బూడిద రంగే ఇస్తోందా?

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ ఫ్లెక్స్ కానివ్వండి, సింహాచలం చందనోత్సవం స్వాగత బ్యానర్ కానివ్వండి, వెనకాల రంగురంగుల మరకలు పరచడానికి ఫోటోషాప్‌లో కస్టమ్ బ్రష్‌ను మించిన దారి లేదు. బ్రష్ చేసుకోవడం, ఎఫ్5 కొట్టి బ్రష్ సెట్టింగ్స్ తెరవడం వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: బ్రష్ సెట్టింగ్స్‌లో కలర్ డైనమిక్స్ టిక్ ఉంది, అందులో రంగును మార్చే హ్యూ జిట్టర్ 100 శాతం ఉంది. అయినా పడేది నలుపో, తెలుపో, బూడిదో.

స్లైడర్లతో కుస్తీ మొదలుపెట్టేముందు టూల్‌బార్ అడుగున ఫోర్‌గ్రౌండ్ గడిలో ఏ రంగుందో చూడండి. ఈ ఒక్కటీ తప్ప అన్నీ చేస్తారు జనం. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవాళ్ళూ ఉన్నారు!

హ్యూ జిట్టర్ కొత్త రంగు పుట్టించదు. ఉన్న రంగును రంగుల చక్రం చుట్టూ జరుపుతుంది, అంతే. నలుపు, తెలుపు, బూడిదలకు శాచురేషన్ (రంగు గాఢత) సున్నా. అవి చక్రం అంచున కాకుండా ఇరుసు దగ్గర ఉంటాయి కాబట్టి ఎంత తిప్పినా ఉన్నచోటే ఉంటాయి.

పరిష్కారం: ఆ గడి మీద క్లిక్ చేసి హెచ్‌ఎస్‌బీ (హ్యూ, శాచురేషన్, బ్రైట్‌నెస్) విలువల్లో ఎస్ 80, బీ 85 ఇవ్వండి. బీ మరీ తక్కువైతే రంగు ఉన్నా కంటికి నలుపే. అన్ని రంగులూ కావాలంటే జిట్టర్ 100. ఋషికొండ సముద్రంలాంటి నీలం, ఆకుపచ్చ చాలనుకుంటే హెచ్ 190 దగ్గర పెట్టి జిట్టర్ 10-15కు దించండి. అప్లై పర్ టిప్ టిక్ చేయకపోతే గీత మొత్తం ఒకే రంగులో వస్తుంది.

ఇంతా చేశాక కాసేపటికి మళ్ళీ నలుపు వస్తుంది. అసలు తిరకాసు ఇక్కడే. డి కీ తగిలితే రంగులు నలుపు-తెలుపులకు వెళ్ళిపోతాయి. అది కనిపెట్టడం తేలికే. లేయర్ మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే తెర) మీద క్లిక్ పడితే గడులు రెండూ నలుపు, తెలుపు, బూడిద ఛాయలకు మారతాయి. పక్కనున్న లేయర్ బొమ్మ మీద నొక్కితే మీ రంగు తిరిగొస్తుంది. క్యూ తగిలితే క్విక్ మాస్క్, అంటే బ్రష్‌తో సెలెక్షన్ గీసే పద్ధతి, మొదలవుతుంది. అప్పుడు ఏం వేసినా పల్చటి ఎరుపు తెరలా పడుతుంది, మళ్ళీ క్యూ నొక్కితే పోతుంది. వీటన్నిటికంటే దొంగది బ్రష్ ప్రీసెట్‌లోనే (సెట్టింగులతో సహా దాచుకున్న బ్రష్‌లోనే) దాక్కుంటుంది. న్యూ బ్రష్ ప్రీసెట్‌గా దాచేటప్పుడు ఇంక్లూడ్ కలర్ టిక్ ఉంటే ఆ క్షణాన ఉన్న రంగు కూడా బ్రష్‌తోపాటు నిలిచిపోతుంది. సాధారణంగా అది నలుపే. మీరెంత మంచి రంగు ఎంచుకున్నా ఆ బ్రష్ పట్టుకోగానే నలుపు. రంగు మార్చి, ఆ టిక్ తీసి, కొత్త ప్రీసెట్‌గా దాచి పాతది డిలీట్ చేయండి. ఇంకొకరి దగ్గర తెచ్చుకున్న బ్రష్‌లయితే ఈ అనుమానమే ముందు రావాలి.

రెండు గడుల్లోని రంగుల మధ్య మార్చే ఫోర్‌గ్రౌండ్/బ్యాక్‌గ్రౌండ్ జిట్టర్ వాడేవాళ్ళకు ఇంకోటి. నీలం, పసుపు రెండూ మెరిసే రంగులే, కానీ మధ్యలో కలిసేచోట బూడిద వస్తుంది. చక్రంలో ఎదురెదురుగా ఉన్నవి కాకుండా గులాబీ-నారింజ, నీలం-ఆకుపచ్చ లాంటి పక్కపక్క రంగులు పెట్టండి.

సమస్య: ఆకారం చుట్టూ చతురస్రం మసకగా పడుతోంది.

బొమ్మను బ్రష్‌గా మార్చే డిఫైన్ బ్రష్ ప్రీసెట్ నలుపును ముద్రగా, తెలుపును ఖాళీగా తీసుకుంటుంది. కాగితం మీది మరకను ఫోటో తీసి బ్రష్ చేస్తే, ఆ ఫోటోలో కాగితం తెల్లగా కనిపించినా లేత బూడిదే. కంట్రోల్-ఎల్‌తో లెవెల్స్ తెరిచి, కుడివైపు తెల్ల స్లైడర్‌ను కాగితం పూర్తిగా తెలుపయ్యేదాకా లోపలికి జరపండి. ఆర్‌కే బీచ్‌లో నురుగు ఫోటో తీసి బ్రష్ చేద్దామనుకుంటే ముందు కంట్రోల్-ఐతో తిరగేయండి. లేదంటే నురుగు పోయి నీళ్ళే బ్రష్ అవుతాయి.

సమస్య: మరకలు విడివిడిగా పడకుండా లావుపాటి తాడులా సాగుతున్నాయి.

స్పేసింగ్ (ముద్రకూ ముద్రకూ మధ్య ఎడం) 25 దగ్గరే వదిలేశారు. 120-180కి పెంచండి. ముద్రలను చెదరగొట్టే స్కాటరింగ్‌లో బోత్ యాక్సీస్ టిక్ చేసి స్కాటర్ 300, కౌంట్ 2. షేప్ డైనమిక్స్‌లో సైజ్ జిట్టర్ 80, యాంగిల్ జిట్టర్ 100.

సమస్య: స్క్రీన్ మీద బాగుంది, ఫ్లెక్స్‌లో అంచులు అలుక్కుపోయాయి.

6 అడుగుల ఫ్లెక్స్‌ను 72 రెజల్యూషన్‌లో (అంగుళానికి 72 పిక్సెళ్ళు) చేసినా వెడల్పు 5184 పిక్సెళ్ళు. 200 పిక్సెళ్ళ బ్రష్‌ను అంత పెద్ద బొమ్మ మీద సాగదీస్తే అంతే మరి. 1500 పిక్సెళ్ళ దాకా ఉన్న ఆకారంతోనే బ్రష్ చేయండి. పెద్దది ఎప్పుడైనా చిన్నది చేసుకోవచ్చు.

ఫైల్ ట్యాబ్ మీద ఆర్‌జీబీకి బదులు గ్రే అని ఉంటే ఇమేజ్ మెనూలో మోడ్ మార్చండి. ప్రిఫరెన్సెస్ పాడవడం, గ్రాఫిక్స్ కార్డు గొడవలు అరుదు; పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.