తడి గంధకం కింద పైపుకు గుంటలు: ఇన్హిబిటర్‌తో ఎందుకు ఆగలేదు

గుంటలు పైపు అడుగున మాత్రమే ఉన్నాయి, పైభాగం మందం తగ్గలేదు. అడుగున పసుపు పొడి, దాని కింద నల్లటి ఐరన్ సల్ఫైడ్ కనిపిస్తే కారణం తడి గంధకమే, అనుమానం అక్కర్లేదు. తడి లేని గంధకం కార్బన్ స్టీలును పెద్దగా ఏమీ చేయదు. నీరు తోడై, గంధకం నేరుగా ఇనుముకు అంటుకుంటేనే తంటా. సల్ఫైడ్ పొరలో విద్యుత్తు పారుతుంది. ఆ పొరే కాథోడై (బ్యాటరీలోలా ఒక ధ్రువమై) కింది ఇనుమును తినేస్తుంది. నీటిలో క్లోరైడ్ ఉంటే మరీ వేగం.

ఇన్హిబిటర్ (తుప్పును అడ్డుకునే రసాయనం) మోతాదు పెంచడం దండగే అయింది, గంధకం గడ్డ కిందికి అది చేరదు. పిగ్‌తో (పైపు లోపల నెట్టే శుభ్రపరిచే పరికరం) గడ్డను గీకించి, నీరు నిలిచే చోట డ్రెయిన్ పెట్టాకే గుంటలు ఆగాయి.

గంధకం పుట్టింది మాత్రం ట్యాంకులోకి దూరిన గాలి వల్ల: ఆక్సిజన్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గంధకంగా, నీరుగా మారుతుంది. ట్యాంకు మూత గాస్కెట్ మార్చి, పైన నైట్రోజన్ నింపి ఉంచాలి.

యాసిడ్‌తో కడగొద్దు. సల్ఫైడ్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ ఎగసివస్తుంది. గాలిలో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) అంటేనే ప్రాణాపాయం, పైగా ఆ మోతాదులో ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గీకిన నల్ల మట్టిని (ఐరన్ సల్ఫైడ్) తడిగానే ఉంచండి. ఆరితే గాలి తగిలినా నిప్పంటుకోవచ్చు.